తరగతి గది పనికొస్తోందా? చివరి వరుసలో కూర్చుని కొలవండి

ప్రశ్న: మా క్యాంపస్‌లో 40 తరగతి గదులు, ఒక లైబ్రరీ, కొన్ని గ్రూప్ స్టడీ గదులు ఉన్నాయి. ఇవి విద్యార్థులకూ అధ్యాపకులకూ ఎంతవరకు పనికొస్తున్నాయో తేల్చమన్నారు. సంతృప్తి సర్వే చేస్తే 5కి 3.9 సగటు వచ్చింది. దాంతో ఏం చేయాలో అర్థం కావడం లేదు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ 3.9ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. లెక్క తప్పని కాదు, మీరడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. మనుషులు గదికి తగ్గట్టు సర్దుకుపోతారు. బోర్డు కనిపించని విద్యార్థి పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటాడు. గుంపులుగా కూర్చోబెట్టడానికి బెంచీలు కదలవని తెలిసిన లెక్చరర్ రెండు వారాల తర్వాత గ్రూప్ వర్క్ మానేస్తారు. ఆపైన వాళ్లను గది ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉంది" అంటారు. గదిలోని లోపం చాలాసార్లు ఫిర్యాదు రూపంలో బయటికి రాదు. ఎవరో ఏదో చేయడం మానుకున్న రూపంలో ఉండిపోతుంది. మీ మూల్యాంకనం వెతకాల్సింది ఆ మానుకున్న పనుల్ని.

అందుకే వరుస ఇలా పెట్టుకోండి: ముందు చూడండి, తర్వాత కొలవండి, చివర్న అడగండి. చాలామంది దీన్ని తిరగేసి సర్వేతో మొదలుపెడతారు. ఏం అడగాలో తెలియకముందే అడగడం వల్ల "వెలుతురు, గాలి, ఫర్నిచర్, టెక్నాలజీలకు 1 నుంచి 5 వరకు మార్కులు వేయండి" అనే మొక్కుబడి ప్రశ్నలే మిగులుతాయి.

40 గదులూ ఒకేసారి వద్దు. గదుల్ని రకాలుగా విడగొట్టండి: మెట్ల హాళ్లు, కదలని బెంచీల గదులు, కదిలే కుర్చీల గదులు, ల్యాబ్‌లు, సొంతంగా చదువుకునే చోట్లు. రకానికి రెండు గదుల చొప్పున తీసుకోండి. ఒకటి అందరూ కోరుకునేది, ఇంకొకటి టైమ్‌టేబుల్ వేసేవాళ్లు చెప్పగానే లెక్చరర్లు ముఖం ముడుచుకునేది. ఆ రెండింటి మధ్య తేడాయే మీకు సగం జవాబు చెబుతుంది.

గది నిండిందా అన్నది మొదటి లెక్క

వాడకాన్ని రెండు అంకెలుగా విడదీయాలి. గది వారంలో ఎన్ని గంటలు నిజంగా వాడుకలో ఉంది అన్నది ఒకటి. వాడుతున్నప్పుడు ఎన్ని సీట్లు నిండాయి అన్నది రెండోది. ఈ రెండింటినీ గుణిస్తే అసలు వినియోగం తెలుస్తుంది. ఉదాహరణకు వారానికి 40 పనిగంటల్లో టైమ్‌టేబుల్ ప్రకారం 28 గంటలు బుక్ అయి ఉన్నాయనుకుందాం, అంటే 70 శాతం. వెళ్లి చూస్తే 22 గంటలే క్లాసు జరుగుతోంది, అది 55 శాతం. జరిగిన క్లాసుల్లో సీట్లు నిండింది సగటున 45 శాతం. 0.55ను 0.45తో గుణిస్తే సుమారు 25 శాతం. కాగితం మీద "గదులు చాలడం లేదు" అనిపించిన చోట అసలు చిక్కు గదుల సంఖ్యలో కాదు, 60 సీట్ల గదిని 27 మంది బ్యాచ్‌కు ఇవ్వడంలో ఉందని ఇక్కడ తేలుతుంది. ఆ 28కీ 22కీ మధ్య పోయిన ఆరు గంటలు ఎటు పోయాయో కూడా తప్పకుండా ఆరా తీయండి. రద్దయిన క్లాసులా, లేక లెక్చరర్లు చెప్పకుండా వేరే గదికి మార్చేసుకున్నారా? రెండోదే అయితే ఆ గది మీద ఇంతకంటే స్పష్టమైన ఫిర్యాదు మీకు దొరకదు.

ఒక జాగ్రత్త. ఈ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదని పైవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. రోజంతా ఖాళీ లేని గదిలో ఊడ్చడానికీ, బల్బు మార్చడానికీ, క్లాసయ్యాక విద్యార్థి ఆగి సందేహం అడగడానికీ సమయం మిగలదు. నివేదికలో ఈ అంకెను ఒంటరిగా ఎప్పుడూ ఇవ్వకండి.

లైబ్రరీ, స్టడీ హాళ్లకు గంటగంటకూ ఒక మనిషి నడిచి లెక్కపెట్టడమే నమ్మకమైన పద్ధతి. ప్లాన్ కాపీ మీద ప్రతి సీటుకూ గుర్తు పెట్టాలి: మనిషి ఉన్నాడా, బ్యాగు మాత్రమే ఉందా, ఖాళీనా, ఉంటే ఒంటరిగా చదువుతున్నారా, కలిసి మాట్లాడుకుంటున్నారా. బ్యాగు ఉన్న సీటును విడిగా రాయకపోతే లెక్క చెడుతుంది, ఎందుకంటే వచ్చినవాడికి అది నిండిన సీటే. నలుగురు పట్టే బల్ల దగ్గర ముక్కూ ముఖం తెలియని ఇద్దరు కూర్చుంటే మూడోవాడు సాధారణంగా కూర్చోడు. అలాంటి హాలు సగం నిండేసరికే విద్యార్థులకు "ఖాళీ లేదు" అనిపిస్తుంది. ఇక్కడ ఇంకా కుర్చీలు తెచ్చి వేయడం వల్ల లాభం లేదు. బల్లల మధ్య తక్కువ ఎత్తు అడ్డుపలక పెట్టడం, కొన్ని బల్లల్ని గోడవైపు ఒంటరి సీట్లుగా మార్చడం పనిచేస్తాయి. లెక్క ఒక మామూలు వారం, పరీక్షల ముందు ఒక వారం, రెండూ తీయాలి. ఒక్కటే తీస్తే రెండోదాని గురించి పొరపడతారు.

వైఫై లాగిన్‌ల నుంచి మనుషుల సంఖ్య తీయొచ్చని ఐటీ వాళ్లు చెబుతారు. తీయొచ్చు, కానీ ఫోనూ ల్యాప్‌టాపూ ఉన్నవాడు ఇద్దరవుతాడు, వరండాలో నిలబడ్డవాడు గదిలో ఉన్నట్టు పడతాడు. పరికరాల్ని కాకుండా లాగిన్ ఐడీలను లెక్కించి, వారం రోజులు చేత్తో తీసిన లెక్కతో సరిచూసుకున్నాకే దాన్ని వాడండి. పేర్లు తీసేసి సంఖ్యలు మాత్రమే మీ దగ్గరికి వచ్చేలా ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

క్లాసులో కూర్చుని చూడటం

దీనికి కొత్త పద్ధతి కనిపెట్టక్కర్లేదు. కోపస్ అనే పరిశీలనా పట్టిక 2013లో వచ్చింది. అందులో క్లాసును రెండేసి నిమిషాల ముక్కలుగా చేసి, ఆ ముక్కలో విద్యార్థులూ అధ్యాపకులూ ఏం చేస్తున్నారో 25 సంకేతాల్లో గుర్తిస్తారు. గదిని అంచనా వేయడానికి అవన్నీ అవసరం లేదు. చెబుతున్నారు, బోర్డు మీద రాస్తున్నారు, ప్రశ్నలు జవాబులు, జంటగానో గుంపుగానో పని, లెక్చరర్ సీట్ల మధ్య తిరుగుతున్నారు, ఎదురుచూపు - ఈ ఆరు చాలు. వీటికి మీ సొంత కాలమ్ ఒకటి కలపండి: "గది అడ్డుపడింది". గుంపుగా చర్చించమన్నాక వెనక్కి తిరగలేక మెడ తిప్పుకుని మాట్లాడితే అక్కడ గుర్తు పెట్టాలి. లెక్చరర్ నాలుగో వరుస దాటి లోపలికి వెళ్లలేకపోతే మళ్లీ గుర్తు. చివరి వరుస నుంచి "సర్, వినపడలేదు" అంటే ఇంకొకటి.

క్లాసు మొదలయ్యే తీరును స్టాప్‌వాచ్‌తో కొలవండి. గంట కొట్టినప్పటి నుంచి తెర మీద మొదటి స్లయిడ్ సరిగ్గా కనిపించే వరకు ఎంత పట్టింది? కేబుల్ వెతకడం, ఇన్‌పుట్ మార్చడం, రిమోట్‌లో బ్యాటరీ లేకపోవడం, పిలిచిన టెక్నీషియన్ రావడం అన్నీ కలిపి. 60 మంది గదిలో 5 నిమిషాలు పోతే 300 విద్యార్థి నిమిషాలు. రోజుకు నాలుగు క్లాసుల్లో ఇలా జరిగితే 20 విద్యార్థి గంటలు. ఖర్చు అడిగినప్పుడు ఈ లెక్క చూపిస్తే ఫైనాన్స్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. గదుల మధ్య కంట్రోల్ ప్యానెళ్లు వేర్వేరుగా ఉండటమే తరచూ దీనికి మూలం. ప్రతి గదిలోనూ ఉన్న పరికరం మంచిదే, కానీ రోజుకు మూడు గదులు తిరిగే లెక్చరర్‌కు మూడు రకాల బటన్లు. ఖరీదైన పరికరం కంటే అన్ని గదుల్లోనూ ఒకే అమరిక ఉండటం ఎక్కువ మేలు చేస్తుంది.

కొలతలు: సగటు సీటు కాదు, అధమ సీటు

గది మధ్యలో నిలబడి తీసిన కొలతకు విలువ తక్కువ. ప్రతి గదిలో ఐదు సీట్లు ఎంచుకోండి: మధ్య సీటు, చివరి వరుస రెండు మూలలు, ముందు వరుసలో అంచు సీటు, ఫ్యాను లేదా ఏసీ యూనిట్‌కు దగ్గరి సీటు. నివేదికలో రాయాల్సింది వీటిలో అన్నిటికంటే చెడ్డ సీటు అంకె.

శబ్దం నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువగా వదిలేసేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. తరగతి గదుల శబ్దంపై అమెరికా ప్రమాణం ఎస్12.60 ప్రకారం, 283 ఘనపు మీటర్ల లోపు గదిలో మనుషులు లేనప్పుడు నేపథ్య శబ్దం 35 డెసిబెల్ (ఎ) మించకూడదు, ప్రతిధ్వని కాలం (శబ్దం ఆపాక గదిలో దాని మోత అణిగిపోవడానికి పట్టే సమయం) 0.6 సెకన్లు దాటకూడదు. ఖాళీ గది అన్నారు కదా అని ఫ్యాన్లూ ఏసీలూ ఆపి కొలిచేవాళ్లు ఉన్నారు. అది తప్పు. క్లాసు జరిగేటప్పుడు ఏవేవి నడుస్తాయో అవన్నీ నడవాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో చూడండి. గట్టిగా చెప్పే గొంతు మీటరు దూరంలో సుమారు 65 డెసిబెల్ ఉంటుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా నేరుగా చేరే ధ్వని 6 డెసిబెల్ తగ్గుతుంది. 8 మీటర్ల దగ్గర అది 47. మాట తేలిగ్గా అర్థం కావాలంటే నేపథ్యం కంటే కనీసం 15 డెసిబెల్ పైన ఉండాలి. పాత ఫ్యాన్ల మోత 48 ఉంటే చివరి వరుసకు మాట శబ్దంలో మునిగిపోయినట్టే. గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని కొంత బలం ఇచ్చినా, ఆలస్యంగా వచ్చింది అక్షరాల్ని ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. అప్పుడు లెక్చరర్ గొంతు పెంచుతారు. సాయంత్రానికి గొంతు పోతుంది. విద్యార్థుల సమస్య అనుకున్నది అధ్యాపకుల ఆరోగ్య సమస్య కూడా అవుతుంది.

ప్రతిధ్వని తగ్గించడానికి ఎంత సామాను కావాలో చేత్తో లెక్క వేసుకోవచ్చు. 10 మీటర్ల పొడవు, 8 వెడల్పు, 3.2 ఎత్తు గది అంటే 256 ఘనపు మీటర్లు. ప్రతిధ్వని కాలం అంటే 0.161ను ఘనపరిమాణంతో గుణించి, గదిలోని మొత్తం శోషణతో (గోడలు, నేల, కప్పు ధ్వనిని పీల్చుకునే శక్తితో) భాగించడమే. సున్నం గోడలు, టైల్స్ నేల ఉన్న గదిలో కొలిస్తే 1.6 సెకన్లు వచ్చిందనుకుందాం. అంటే ఇప్పుడున్న శోషణ సుమారు 26 చదరపు మీటర్లు. 0.6కు రావాలంటే 69 కావాలి. తక్కువైన 43ను 0.85 శోషణ గుణకం ఉన్న ప్యానెళ్లతో పూడ్చాలంటే సుమారు 50 చదరపు మీటర్లు పడుతుంది. కప్పు వైశాల్యం 80 కాబట్టి చోటు ఉంది. అయితే అంతా కప్పేయకండి. లెక్చరర్ తల మీది నుంచి గది మధ్య వరకు కప్పు గట్టిగా ఉంటే గొంతును వెనక్కి చేరవేస్తుంది. వెనక గోడ, కప్పు అంచులు, పక్క గోడల పైభాగం ముందు కప్పాలి. గోడకు నాలుగు అలంకార ప్యానెళ్లు తగిలించి "అకౌస్టిక్ ట్రీట్‌మెంట్ చేశాం" అనడం పరిపాటి. నాలుగు ప్యానెళ్లంటే నాలుగైదు చదరపు మీటర్లు. పైన చెప్పిన లోటులో పదో వంతు.

తెర విషయానికి వస్తే రెండు పరీక్షలు. మొదటిది అక్షరం పరిమాణం: తెర మీద చిన్న అక్షరం ఎత్తు, చివరి సీటు దూరంలో కనీసం 200వ వంతు ఉండాలి. 9 మీటర్ల దూరానికి 4.5 సెంటీమీటర్లు. టేపుతో తెర మీదే కొలవండి, స్లయిడ్‌లో ఫాంటు సైజు చూసి కాదు. రెండోది వెలుగు తేడా: గదిలో లైట్లు వేసి ఉంచి, తెర మీద లక్స్ మీటరును (వెలుతురు కొలిచే పరికరాన్ని) ప్రొజెక్టర్ వైపు తిప్పి పట్టుకుని, తెల్ల స్లయిడ్‌కు ఒకసారి, నల్ల స్లయిడ్‌కు ఒకసారి చూడండి. తెల్లది 500, నల్లది 90 వస్తే నిష్పత్తి సుమారు 5.6. పాఠం చదవడానికి 15 ఉండటం మంచిది. కొత్త ప్రొజెక్టర్ కొనేముందు తెర పైన ఉన్న ముందు వరుస లైట్లు ఆపి మళ్లీ కొలవండి. నల్లది 25కి దిగితే తెల్లది 435, నిష్పత్తి 17 దాటుతుంది. చాలా గదుల్లో కావలసింది ప్రొజెక్టర్ కాదు, ముందు వరుస లైట్లకు వేరే స్విచ్. గది మొత్తానికి ఒకే స్విచ్ ఉండటం వల్ల లెక్చరర్ చీకట్లో చెప్పడమో, కనిపించని స్లయిడ్‌తో చెప్పడమో ఎంచుకోవలసి వస్తోంది. చీకటి చేస్తే నోట్సు రాసుకునేవాళ్లకు చూపు అందదు. రాత బల్ల మీద 300 నుంచి 500 లక్స్ ఉండాలి.

గాలికి కార్బన్ డయాక్సైడ్ మీటరు చాలు. ఆ వాయువు విషమని కాదు, గాలి ఎంత మారుతోందో చెప్పే గుర్తు అది. కూర్చున్నవారి ముఖం ఎత్తులో, ఎవరి ఊపిరీ నేరుగా తగలకుండా మీటరు దూరంలో పెట్టండి. క్లాసు చివర 2100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 2100 భాగాలు) ఉంది, అందరూ వెళ్లిపోయాక అరగంటకు 1050కి దిగింది, బయట 420 ఉంది అనుకుందాం. బయటి గాలి కంటే ఎక్కువగా ఉన్న భాగం 1680 నుంచి 630కి పడింది. ఈ నిష్పత్తికి సహజ సంవర్గమానం తీసి అర గంటతో భాగిస్తే గంటకు సుమారు 2 సార్లు గాలి మారుతోందని వస్తుంది. 256 ఘనపు మీటర్ల గదిలో 60 మందికి అది ఒక్కొక్కరికి సెకనుకు 2.4 లీటర్లే. 1000 దగ్గర నిలపాలంటే 8 నుంచి 9 లీటర్లు కావాలి. స్ప్లిట్ ఏసీ ఉన్న గదుల్లో ఇది తరచూ ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది తప్ప బయటి గాలిని లోపలికి తేదు. చల్లగా ఉంది కాబట్టి గాలి బాగుందనుకుంటారు. ఇంకొక మెలిక: చవక మీటర్లు చాలావరకు తమంతట తామే కాలిబ్రేట్ చేసుకుంటాయి, కొన్ని రోజులకొకసారి బయటి గాలి స్థాయిని చూస్తామన్న నమ్మకంతో. ఎప్పుడూ తలుపులు తీయని గదిలో శాశ్వతంగా పెడితే అవి తక్కువ చూపించడం మొదలెడతాయి.

ఫర్నిచర్‌కు ఒక చిన్న పరీక్ష. తెరిచిన ల్యాప్‌టాప్, దాని పక్కన ఒక పేజీ పైకి ఉండేలా మడిచిన ఏ4 నోటుబుక్ పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ వెడల్పు 36 సెంటీమీటర్లు, కాగితం ఒక పేజీ 21. మనిషికి 60 సెంటీమీటర్ల బల్ల లేకపోతే రెండూ పట్టవు. కుర్చీకి అంటుకుని ఉండే రాత పలక ఉన్న గదుల్లో పరిస్థితి కళ్లారా చూడండి: ల్యాప్‌టాప్ మూల గాల్లో వేలాడుతుంటుంది, నోటుబుక్ ఒళ్లో ఉంటుంది, నీళ్ల బాటిల్ నేల మీద. పదిమందిలో ఒకరు ఎడమచేతివాటం వాళ్లు. కుడివైపు పలక మీద రాయడానికి వాళ్లు మొత్తం ఒళ్లు తిప్పి కూర్చుంటారు. సర్వేలో వాళ్ల సంగతి సగటులో కరిగిపోతుంది. చక్రాల కుర్చీకి 90 సెంటీమీటర్ల దారి, తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటు ఉందా అన్నదీ అంతే. "ఉంది" అని ప్లాన్‌లో కనిపిస్తుంది, బ్యాగులు నేల మీద పెట్టాక ఉండదు. క్లాసు జరుగుతుండగానే కొలవండి.

ఛార్జింగ్ సాకెట్లు లెక్కపెట్టేటప్పుడు పనిచేసేవే లెక్కపెట్టండి. ఒక టెస్టర్ జేబులో ఉంటే చాలు.

ఇప్పుడు అడగండి

చూసిందీ కొలిచిందీ చేతిలో ఉన్నాక ప్రశ్నలు వాటంతటవే పదునెక్కుతాయి. "ఈ గది మీకు నచ్చిందా" బదులు: "ఈ గదిలో జరిగిన చివరి క్లాసులో ఎక్కడ కూర్చున్నారు? ప్లాన్ మీద గుర్తు పెట్టండి. బోర్డు మీద చదవలేకపోయిన వరుస ఉందా? వినపడక వదిలేసిన మాట ఉందా?" సీటు గుర్తు పెట్టించడం వల్ల జవాబుల్ని మీ కొలతల మీద పరిచి చూడొచ్చు. మూల సీట్ల నుంచే ఫిర్యాదులు వస్తే మరమ్మతు ఎక్కడో తెలిసినట్టే.

అధ్యాపకులను ఒక్కటి అడిగితే చాలు: "వేరే గది ఇస్తే మీ క్లాసులో ఏం మార్చేవారు?" మానుకున్న పనులన్నీ అక్కడ బయటపడతాయి. క్లాసు అయ్యాక విద్యార్థితో విడిగా మాట్లాడే చోటుందా, రెండు క్లాసుల మధ్య కూర్చుని సిద్ధం కావడానికి బల్ల ఉందా అని కూడా అడగండి. అధ్యాపకుల అవసరం గది ముందుభాగంతో ముగిసిపోదు. సొంత గది లేని గెస్ట్ లెక్చరర్లను మాత్రం మరవకండి.

60 మంది క్లాసులో ప్లస్ లేదా మైనస్ 10 శాతం తేడాతో, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే సుమారు 37 మంది జవాబు కావాలి, వాళ్లు కూడా ఏ వరుసా మిగలకుండా ఎంపికైనవాళ్లయి ఉండాలి. ముందు వరుసల్లోని ఇష్టమున్నవాళ్లతోనే నింపించుకుంటే 50 జవాబులొచ్చినా దండగే. లైబ్రరీకి రానివాళ్లను లైబ్రరీలో అడగలేం కదా, వాళ్లను క్యాంటీన్లో, వరండాల్లో, మెట్ల మీద చదువుకుంటున్న చోట అడగండి. ఎందుకు అక్కడ కూర్చున్నారో చెబుతారు.

కొత్తగా బాగుచేసిన గదిలో మొదటి నెలలో వచ్చిన మార్కుల్ని నమ్మొద్దు. కొత్త రంగు, కొత్త కుర్చీల సంబరం అది. పదో వారంలో మళ్లీ అడగండి.

గది వల్లే చదువు మెరుగుపడిందా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నిజాయితీగా జవాబు చెప్పడం కష్టమే కానీ అసాధ్యం కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డి. క్రిస్టఫర్ బ్రూక్స్ 2011లో ప్రచురించిన అధ్యయనం మంచి నమూనా: ఒకే అధ్యాపకుడు, ఒకే కోర్సు, ఒకే పరీక్షలు, ఒక సెక్షన్ మామూలు గదిలో, ఇంకొకటి గుండ్రటి బల్లల గదిలో. ప్రవేశ పరీక్ష మార్కుల్ని బట్టి ఊహించినదాని కంటే గుండ్రటి బల్లల గదిలోని సెక్షన్ మెరుగ్గా చేసింది. ఇక్కడ పాఠం పద్ధతిలోనే ఉంది. అధ్యాపకుడు మారితే, సెక్షన్ ఉదయం నుంచి మధ్యాహ్నానికి మారితే, మార్కుల్లో తేడా గది వల్ల అని చెప్పలేరు. పోల్చేముందు రెండు సెక్షన్ల పాత మార్కులు తప్పకుండా తీసుకోండి.

ఉన్నత విద్యలో టెక్నాలజీపై పనిచేసే ఎడ్యుకాజ్ సంస్థ వారి లెర్నింగ్ స్పేస్ రేటింగ్ సిస్టం లాంటి చెక్‌లిస్టులు కూడా ఉన్నాయి. గదుల్ని ఒకే కొలబద్దతో పోల్చడానికి అవి పనికొస్తాయి. అయితే అవి చెప్పేది గది ఏం చేయనివ్వగలదు అన్నదే. కదిలే కుర్చీలకు మార్కులు పడతాయి. ఆ కుర్చీల్ని ఏడాదిగా ఎవరూ కదల్చలేదన్న సంగతి మీ రెండు నిమిషాల పట్టికలోనే తెలుస్తుంది. ఎందుకు కదల్చలేదో వెళ్లి చూడండి. చాలాసార్లు కారణం చిన్నది: క్లాసయ్యాక మళ్లీ వరుసలో పెట్టకపోతే తర్వాతి లెక్చరర్ కోప్పడతారు. మామూలు అమరిక ఏదో గోడ మీద ఒక బొమ్మ అతికించి, సర్దడానికి క్లాసుల మధ్య ఐదు నిమిషాలు ఎక్కువ ఇస్తే ఆ కుర్చీలు కదులుతాయి.

నివేదికలో గదికి ఒక పేజీ చాలు. పైన ప్లాన్, అధమ సీటుకు ఎర్ర గుర్తు. కింద మూడు వరుసలు - ఏ పని ఆగిపోతోంది, ఏ కొలత దాన్ని చూపిస్తోంది, ఎంతలో సరవుతుంది. స్విచ్ విడగొట్టడం, కేబుల్ మార్చడం, ఫ్యాను బేరింగ్, సాకెట్లు లాంటివి ఈ సెలవుల్లోనే చేయించండి. ప్యానెళ్లు, బయటి గాలి ఫ్యాన్లు బడ్జెట్‌కు పంపండి. కొలిచిన తేదీ, టైము, ఎన్ని ఫ్యాన్లు నడుస్తున్నాయి, ఎంతమంది ఉన్నారు అన్నది పేజీ అడుగున రాయండి. మరమ్మతు అయ్యాక ఆ ఐదు సీట్లలోనే, సెమిస్టర్‌లో అదే వారంలో, అవే ఫ్యాన్లు నడిపి మళ్లీ కొలవాలి కదా.